తడి ఒకచోట, చిల్లు ఇంకోచోట

ఒక ఏడాది సెప్టెంబరులో ఆదివారం పొద్దున కారెక్కి క్లచ్ తొక్కాను. కాలికింద మ్యాటు ‘చప్’మంది. వంగి చేత్తో నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయి. అంతకు నాలుగు రోజుల కింద వానలో తడుస్తూ వచ్చి కారును షెడ్డులో పెట్టాను. పైన తుడిచి, కవరు కప్పి, నా బాధ్యత తీరిందనుకున్నాను. తీరలేదని చెప్పడానికి ముక్కిన బియ్యం బస్తా విప్పినట్టు ఒక వాసన, నేను తలుపు తెరవగానే ఎదురొచ్చింది.

కారు 1974 నాటి అంబాసిడర్, మార్క్ 2. నాన్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నది. ఆయన పోయాక, మా అపార్ట్‌మెంట్‌లో దానికి చోటు లేక, వెలిమెలలో ఉన్న ప్లాటులో నాలుగు ఇనుప పైపులు పాతి, పైన రేకులేసి, కింద సిమెంటు చేయించి అందులో ఉంచాను. నాన్న ఆ ప్లాటు కొన్నప్పుడు చుట్టూ జొన్న చేలు. ఇప్పుడు కొల్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు, తెల్లాపూర్ వైపు ఆకాశానికెక్కుతున్న భవనాలు, రాత్రింబవళ్లు రెడీమిక్స్ లారీలు. ఈ లారీల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తడి చూశాక నేను చేసిన మొదటి పని చెప్పేస్తాను. ఎందుకంటే మీరూ అదే చేయబోతున్నారు. ముందద్దం రబ్బరు ఎండిపోయింది, నీళ్లు అక్కడినుంచే వస్తున్నాయి అని తీర్మానించాను. ఒక ట్యూబు సిలికాన్ కొని అద్దం చుట్టూ పూశాను. వారానికి మళ్లీ వాన, మళ్లీ చప్. ఈసారి రబ్బరే మార్పించాను. మళ్లీ వాన, మళ్లీ చప్. మూడోసారి పటాన్‌చెరులో టింకరింగ్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కారు కన్నా ముందు నన్ను ఎగాదిగా చూసి, “నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయో సూసినవా సార్, అనుకున్నవా?” అన్నాడు.

అనుకున్నాను. చూడలేదు.

ఎందుకు చూడలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. తెలియదు అనే స్థితిలో మనం ఎక్కువసేపు కూర్చోలేం. అది ఒంటిమీద చీమ పాకుతున్నట్టుంటుంది. ట్యూబు కొని పూసేస్తే ఏదో చేశామన్న నిమ్మళం వస్తుంది. ఆ నిమ్మళం మనకే గానీ కారుకు కాదు. కారులో చెమ్మ వెతకడం అంటే మొదట ఈ తొందరను అదుపులో పెట్టుకోవడమే. పనిముట్లు తర్వాత.

అసలు ఇంత పట్టింపు దేనికంటారా? అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు వేరే చాసిస్ ఉండదు. 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి అది. అడుగు రేకు, తలుపుల కింద పొడవాటి పెట్టెల్లా ఉండే సిల్లులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. మ్యాటు కింద నిలిచిన నీళ్లు తినేది కేవలం రేకును కాదు, కారు వెన్నెముకను. ఇంకో సంగతి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021లో పాతకార్లకు తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కానీ చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మా కారు 2024లో యాభై దాటింది. అడుగంతా కుళ్లిపోయి సగం కారును కోసి అతికించే దాకా తెచ్చుకుంటే, ఆ ‘వీఏ’ కోసం ధైర్యంగా ముఖం చూపించలేం. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ అద్దాల వెనక నిగనిగలాడుతుంటే చూసి వచ్చి, మన రేకుల షెడ్డును చూసి నిట్టూర్చడం వల్ల ప్రయోజనం లేదు. రేకుల షెడ్డులోనే చేయగలిగింది చాలా ఉంది.

వెతుకులాటకు ముందు ఒక చిన్న లెక్క. దీంతో సగం గందరగోళం తీరిపోతుంది. అంబాసిడర్ లోపల ఉజ్జాయింపుగా మూడు ఘనపు మీటర్ల గాలి ఉంటుందనుకోండి. 30 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమ ఉన్న గాలి ఘనపు మీటరుకు సుమారు 21 గ్రాముల నీటిని ఆవిరిగా మోస్తుంది. మూడు ఘనపు మీటర్లకు 63 గ్రాములు. ఆ గాలి తెల్లవారుజామున 20 డిగ్రీలకు చల్లబడితే అందులో పట్టేది దాదాపు 52 గ్రాములే. మిగిలిన పదీ పన్నెండు గ్రాములు అద్దాల మీద, రేకు మీద మంచులా పడతాయి. అంటే రెండు చెంచాలు. కాబట్టి మీ కారులో అద్దాలు మసకబారి, స్టీరింగు మీద కాస్త బూజు ఉంటే గాలిలోని చెమ్మను అనుమానించొచ్చు. మ్యాటు కింద గ్లాసుడు నీళ్లు ఉంటే మాత్రం అది మంచు కాదు. ఎక్కడో దారి ఉంది.

అయితే ఈ రెండూ ఒకదానికొకటి తోడు. ఒక్కసారి లోపలికి వచ్చిన గ్లాసుడు నీరు కార్పెట్టు కింది నమ్దాలో దాక్కుని, పగలు ఎండకు ఆవిరై, రాత్రి పైకప్పు రేకుకు అంటుకుని, మళ్లీ కిందికి దిగుతుంది. తలుపులన్నీ బిగించి ఉంటే ఈ రాకపోకలు నెలల తరబడి సాగుతాయి. కురిసిన వాన ఒక్కటే, కారు మాత్రం రోజూ తడుస్తుంది. అందుకే ఆరబెట్టకుండా వెతకడం మొదలుపెడితే పాత తడికీ కొత్త తడికీ తేడా తెలియదు.

ఆరబెట్టడం అంటే మ్యాట్లు తీసి బానెట్ మీద పరచడం కాదు. సీట్లు విప్పాలి. కార్పెట్టు, దాని కింద నమ్దా, దాని కింద ఎవరో ఎప్పుడో అంటించిన తారు షీటు, అన్నీ బయటికి రావాలి. పాత సీట్లలో కొబ్బరిపీచు ఉంటుంది. అది పైకి పొడిగా కనిపిస్తూనే లోపల చెమ్మను నెల రోజులు మోస్తుంది. సీటును నిలువునా గోడకానించి, కింది అంచును నొక్కి చూడండి, తెలుస్తుంది. బూజు దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ ధూళి ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచిది కాదు. మా ప్రాంతంలో దీనికి ఏప్రిల్, మే నెలలు వరం. మధ్యాహ్నం గాలి ఎండుగడ్డిలా ఉంటుంది. జులైలో అయితే నాలుగు తలుపులూ తెరిచి రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టినా మూడు నాలుగు రోజులు పడుతుంది. గాలిలోనే నీళ్లున్నప్పుడు ఏం ఆరుతుంది?

ఒకాయన తన కారులో, చెమ్మ పీలుస్తుందని, ఐదు కిలోల బియ్యం మూట పెట్టాడు. చెమ్మ సంగతి దేవుడెరుగు, ఎలుకలు వచ్చాయి. ఎలుకలు అడుగు రేకు చిల్లుల్లోని రబ్బరు బిళ్లలు కొరికాయి. ఆ చిల్లుల్లోంచి రోడ్డు మీది నీళ్లు వచ్చాయి. బియ్యం కూడా పోయాయి.

ఖాళీ అయిన అడుగు రేకు మీద ఇప్పుడు న్యూస్‌పేపర్లు పరవాలి. వేల రూపాయల మీటర్లు చేయలేని పని ఇవి చేస్తాయి. అడుగును పన్నెండు భాగాలుగా అనుకుని, ఒక్కో భాగానికి ఒక్కో కాగితం వేసి, మార్కర్‌తో నంబరు రాయండి. డ్రైవరు కాళ్ల దగ్గర ఒకటి, పక్క సీటు కాళ్ల దగ్గర రెండు, అలా డిక్కీ దాకా. ఒక పాత నోటుపుస్తకంలో కారు బొమ్మ గీసుకుని అవే నంబర్లు వేయండి. తర్వాత వానలో తిప్పిన ప్రతిసారీ ఏ కాగితం తడిసింది, ఏ అంచునుంచి తడిసింది, కారు ఎటువైపు వాలుగా నిలబడి ఉంది అని రాసుకోండి. అంచు ముఖ్యం. కాగితం నడిమధ్యలో మరక ఉంటే చుక్క పైనుంచి పడింది. పక్క అంచునుంచి పాకి ఉంటే ఆ పక్కనుంచి పారింది. కాగితం పైన పొడిగా ఉండి కింద మెత్తబడితే నీరు అడుగునుంచి వస్తోంది. నాన్న టర్బైన్ల విభాగంలో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి నోటుపుస్తకం ఒకటి జేబులో పెట్టుకునేవాడు. ఇంట్లో కుళాయి కారినా అందులో తేదీ వేసేవాడు. అమ్మ నవ్వేది. ఇప్పుడు నా పుస్తకం చూసి మా ఆవిడ నవ్వుతోంది.

నా కారులో ఒకటో నంబరు కాగితం కుడి అంచునుంచి, అంటే తలుపు వైపునుంచి తడిసింది. ఇంజన్ వైపు అంచు పొడిగా ఉంది. ముందద్దం రబ్బరు మీద నేను పెట్టిన డబ్బంతా ఆ పొడి అంచు దగ్గర నన్ను చూసి పళ్లికిలించింది.

ఇక నీటి పరీక్ష. ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. మొదట బ్యాటరీ టెర్మినల్ విప్పండి. పాత వైరింగు మీద నీళ్లు పడితే చెమ్మ కన్నా పెద్ద సమస్య వస్తుంది. సర్వీసింగు సెంటర్లో కొట్టే ప్రెషర్ పైపు వద్దు. అది మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూర్చి, లేని దోషాన్ని సృష్టిస్తుంది. తోటకు నీళ్లు పెట్టే మామూలు పైపు చాలు, ధార మెత్తగా ఉండాలి. కిందినుంచి పైకి రావాలి. ఇది మాత్రం తప్పకూడదు. పైకప్పు మీద మొదలుపెడితే నీళ్లు కారంతా పారతాయి, లోపల చుక్క పడినప్పుడు అది ఎక్కడిదో చెప్పలేరు. మొదట సిల్లు దగ్గర, తర్వాత తలుపు కింది అంచు, తలుపు పక్క సందులు, ఆపైన తలుపు అద్దం మొదలు, బానెట్‌కూ ముందద్దానికీ మధ్యనుండే కౌల్ రేకు, వైపర్ల మొదళ్లు, ముందద్దం కింది అంచు, పక్కలు, పై అంచు, చివరికి పైకప్పు అంచున ఉండే గట్టర్. ఒక్కో చోట పది నిమిషాలు. మధ్యలో మాటలొద్దు, టీ వద్దు. పది నిమిషాలు ఒకే చోట పైపు పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది. రెండో నిమిషంలోనే చెయ్యి తనంతట తాను ముందద్దం వైపు పోతుంది.

లోపలి మనిషికి చుక్క దారి కనిపించాలంటే, అనుమానమున్న అతుకుల మీద పౌడర్ చల్లుకోవాలి. మొహానికి రాసుకునేదే. నీరు పారిన చోట గీత పడుతుంది. ఇంట్లో ఉంది కదా అని ముగ్గుపిండి వాడకండి. అందులో సున్నం కలిసి ఉంటే తడిసి రంగును తినే ప్రమాదం ఉంది.

మా మేనల్లుడు లోపల కూర్చున్నాడు. సిల్లు దగ్గర ఏమీ లేదు. తలుపు సందుల్లో ఏమీ లేదు. తలుపు అద్దం మొదట్లో పైపు పెట్టి ఆరో ఏడో నిమిషం అవుతుండగా వాడు కేకేశాడు. “మామా, ప్యాడ్ కిందికెళ్లి కారుతుంది!” అద్దం పక్కన కాదు, రబ్బరు దగ్గర కాదు. తలుపు లోపలివైపు అట్ట, అదే డోర్ ప్యాడ్, దాని కింది అంచునుంచి, ఎవరికీ కనపడకుండా, సిల్లు మీదికి సన్నటి ధార.

ఇక్కడ కాస్త ఆగాలి. పాతకార్ల చెమ్మ కథల్లో చాలావాటికి ఇదే మూలం, చాలామందికి తెలియనిదీ ఇదే. తలుపులోకి నీళ్లు రాకూడదని అనుకుంటాం. నిజానికి కారు చేసినవాడే నీళ్లు తలుపులోకి వస్తాయని ఒప్పుకున్నాడు. అద్దం పైకీ కిందికీ జరగాలి కదా, దాని పక్కనున్న రబ్బరు పట్టీ అందుకే వదులుగా ఉంటుంది. వాన నీరు కొంత దాన్ని దాటి తలుపు కడుపులోకి దిగుతుంది. దిగి, తలుపు అడుగునున్న చిన్న చిల్లుల్లోంచి రోడ్డు మీదికి పోతుంది. వచ్చే దారీ, పోయే దారీ రెండూ లెక్క ప్రకారం ఉన్నవే. చెడిపోయేది పోయే దారి. దాంతోపాటు, నీళ్లు చిమ్మి ప్యాడ్ అట్టకు తగలకుండా లోపలి రేకుకు ఒక పల్చటి పొర అంటించి ఉండాలి. నా కారులో ఆ పొర లేదు, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. ఎప్పుడో ప్యాడ్లకు కొత్త రెక్సిన్ వేయించినప్పుడు పీకి పారేసి ఉంటారు.

చిల్లుల సంగతి ఇంకా వింత. సన్నటి తీగ పెట్టి గుచ్చితే లోపల మట్టి తగులుతుందనుకున్నాను. ‘టక్’మంది. గీరితే బూడిదరంగు పెచ్చు ఊడిపడింది. సిమెంటు! వెలిమెల రోడ్డు మీద ఆ రెడీమిక్స్ లారీలు లేపే సన్నటి ధూళి అద్దం పక్కనుంచి తలుపులోకి దిగి, వాన నీటితో కలిసి, చిల్లుల్లో గట్టిపడి కూర్చుంది. మా ఊళ్లో కట్టే టవర్లలో రెండు గుప్పిళ్లు నా కారు తలుపుల్లో కూడా కట్టారన్నమాట. మీ ఊళ్లో సిమెంటు కాకపోతే పొట్టు, దూది, ఇటుకబట్టీ బూడిద, అండర్‌కోటింగ్ చేసేటప్పుడు చిల్లుల మీదే కొట్టేసిన నల్లటి ముద్ద, ఏదో ఒకటి ఉంటుంది. ప్లాస్టిక్ పుల్లతోనో వెదురు పుల్లతోనో శుభ్రం చేయండి. స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే రంగు లేచి అక్కడే తుప్పు పుడుతుంది.

పొర వేయడం అరపూట పని. మందపాటి పాలిథీన్ కవరును లోపలి రేకు ఆకారానికి కత్తిరించి, చుట్టూ ఎండిపోని మెత్తటి బ్యూటైల్ పట్టీతో అంటించాలి. కింది అంచు మాత్రం రేకులోని సందులోంచి తలుపు లోపలికి దోపాలి. దానిమీద పడిన నీళ్లు మళ్లీ తలుపు కడుపులోకే జారాలి. కింది అంచును బయట అంటిస్తే నీళ్లను మీరే పట్టుకెళ్లి కార్పెట్టు మీద పోసినట్టు. పటాన్‌చెరు టింకరింగ్ పెద్దాయన నాతో రెండుసార్లు విప్పించి మళ్లీ అంటింపజేశాడు.

నీళ్లు దొరికాయి కదా అని పైపు కట్టేస్తాం. కట్టేయకూడదు. దొరికిన చోటును అప్పటికి టేపుతో మూసి, లోపల తుడిచి, పరీక్షను పైదాకా కొనసాగించాలి. పెద్ద ధార చిన్న ధారను దాచేస్తుంది. నాకు వైపర్ మొదట్లో రబ్బరు బిళ్ల పగిలి, డ్యాష్‌బోర్డు వెనకనుంచి రెండో నంబరు కాగితం మీద నిమిషానికో చుక్క పడుతూ కనిపించింది. యాభై రూపాయల్లోపు వస్తువు. ముందద్దం దగ్గర పదేసి నిమిషాలు పెట్టినా చుక్క లేదు. కొత్త రబ్బరు మంచిదే మరి, పాతది కూడా మంచిదేనేమో అన్న ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడూ వచ్చి పోతుంటుంది.

తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ బిగువు చూడటానికి నీళ్లు అక్కర్లేదు. పోస్టుకార్డు వెడల్పు కాగితం ముక్కను సందులో పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా పట్టుకుంటే సరే, జారి వస్తే అక్కడ బీడింగ్ చచ్చింది. రాత్రిపూట లోపల లైటు వేసి బయటినుంచి చుట్టూ తిరిగినా సన్నటి వెలుతురు గీతలు కనిపిస్తాయి. ఇంకా మొండి కేసైతే, గాలి ఊదే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని కిటికీలో పెట్టి చుట్టూ అట్టతో మూసి లోపలికి గాలి కొట్టండి, బయట అతుకుల మీద సబ్బునురుగు రాయండి. బుడగలు లేచిన చోట దారి ఉంది. పంక్చరు షాపు చదువే ఇది.

డిక్కీకి టెయిల్ ల్యాంపుల కింది గాస్కెట్లు, నంబరు ప్లేటు లైటు, డిక్కీ బీడింగ్, వెనకద్దం, ఈ క్రమంలో చూస్తే సరిపోతుంది. లోపల మనిషిని కూర్చోబెట్టి మూత మాత్రం వేయొద్దు. ఫోనులో టార్చి వేసి, వీడియో పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి లోపల ఉంచండి. స్టెప్నీ కింద ఎప్పుడూ చెయ్యిపెట్టి చూడండి, అక్కడి నీళ్లు ఎవరికీ కనిపించవు.

తడి అంతా వాన తడి కాదు. తర్వాత బిగించిన ఏసీ ఉంటే దాని నీళ్ల గొట్టం మూసుకుపోయి ఎండాకాలంలోనే ఎడమపక్క కార్పెట్టు తడుస్తుంది. వానాకాలం రాకముందే తడి ఉందంటే మొదట ఆ గొట్టమే చూడండి. పెడళ్ల దగ్గర తడి వేళ్ల మధ్య జారుతూ ఉండి, రంగును ఉబ్బించి లేపుతుంటే అది నీరు కాదు, బ్రేకు ఆయిల్. అప్పుడు ఈ వెతుకులాట పక్కనపెట్టి, బండి కదపకుండా మెకానిక్‌ను పిలవండి. వాసన విషయంలో మా ప్రాంతం వాళ్లకు ఒక తిప్పలుంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు రాత్రిళ్లు గాలిలో రసాయనాల ఘాటు తేలి వస్తుంటుంది. అది రాత్రంతా తెరిచి ఉన్న కారులో చేరితే పొద్దున ఏది ఫ్యాక్టరీ వాసనో, ఏది బూజు వాసనో ముక్కుకు అంతుపట్టదు. అందుకే నేను వాసన పరీక్ష మధ్యాహ్నం చేస్తాను. మూసిన కారును గంటసేపు ఎండలో ఉంచి, తలుపు కొద్దిగా తెరిచి మొదటి గాలి పీలుస్తాను. రెండోసారి పీలిస్తే ముక్కు అలవాటు పడిపోతుంది.

తలుపు, వైపరు బాగయ్యాయి. అక్టోబరు, నవంబరు కాగితాలన్నీ పొడి. స్వీట్లు కూడా పంచాను. డిసెంబరులో, వాన చుక్క లేని రోజుల్లో, వెనక ఎడమ సీటు కింద ఏడో నంబరు కాగితం మెత్తబడింది. పైన పొడి, కింద చెమ్మ.

మూడో దొంగ షెడ్డే. పటాన్‌చెరు చుట్టుపక్కల చలికాలం రాత్రులు నగరం కన్నా బాగా చల్లగా ఉంటాయి. పేపర్లో రాష్ట్రంలోని తక్కువ ఉష్ణోగ్రతల పట్టికలో తరచూ ఆ పేరు చూస్తుంటాం. రాత్రి రేకు చల్లబడి లోపలివైపు మంచు పట్టి, తెల్లవారుజామున చుక్కలుగా కారు కవరు మీద పడుతోంది. ఆ కవరేమో గాలాడని ప్లాస్టిక్‌ది. ఇక కింద నేల. ఇక్కడికి దగ్గర్లోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల్లో ఎర్ర నేలలూ నల్లరేగడీ రెండూ ఉన్నాయని వ్యవసాయం చదివినవాళ్లకు తెలుసు. నా ప్లాటు నల్లరేగడి మీద పడింది. వాన వెలిసిన రెండు నెలలకు కూడా దాని లోపల చెమ్మ ఉంటుంది. సిమెంటు వేసేటప్పుడు కింద పాలిథీన్ షీటు పరిపించాలని నాకు తట్టలేదు. సిమెంటు నీటిని ఆపుతుందనుకున్నాను. ఇదీ అనుకోవడమే.

ఈసారి మాత్రం అనుకుని ఊరుకోలేదు. రెండడుగుల చదరం పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి, ఒక రోజంతా వదిలేశాను. మర్నాడు లేపితే కింది వైపు చెమట పట్టింది, సిమెంటు నల్లబడింది. నేలనుంచే వస్తోందని తేలింది. పై వైపు తడిసి ఉంటే గాలిలోంచి పడ్డట్టు లెక్క. కారును స్టాండ్ల మీద నిలిపి కిందికి దూరి చూస్తే, ఏడో నంబరు కాగితానికి సరిగ్గా కింద అడుగు రేకులో రబ్బరు బిళ్ల ఉండాల్సిన చోట చిల్లు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎప్పుడూ కిందికి దూరకండి.

బిళ్ల పెట్టాను. నేల మీద మందపాటి షీటు పరిచి, దానిమీద రబ్బరు మ్యాట్లు వేశాను. రేకుల కింద గాలి ఆడేలా రెండు చివర్లా ఖాళీ వదిలి ఎలుకల జాలీ కొట్టించాను. ప్లాస్టిక్ కవరు తీసేసి నూలు కవరు కుట్టించాను. ఎండ రోజుల్లో అద్దాలు వేలెడు దించి ఉంచుతాను. షెడ్డులో తేమ చూపించే చిన్న మీటరు వేలాడుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పుపట్టే వేగం పెరుగుతుంది కాబట్టి ఆ అంకె మీద ఎర్ర గీత గీశాను. వానాకాలమంతా ముల్లు గీత అవతలే ఉంటుంది, దాన్ని నేనేం చేయలేను. రెండు వారాలకోసారి పొడి రోజు చూసి శంకర్‌పల్లి రోడ్డు మీద అరగంట తిప్పి, వేడిగా తెచ్చి పెడతాను.

ఇక మొదట్లో నేను పూసిన సిలికాన్. దాన్ని గీకి తీయడానికి రెండు రోజులు పట్టింది. పూసేటప్పుడు వెనిగర్‌లా పుల్లటి వాసన వచ్చే రకం అది. గట్టిపడేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, రంగు లేచిన రేకు దానికి దొరికితే తుప్పు పట్టిస్తుంది. నీళ్లు రాని చోట మందు పూసి తుప్పు నేనే తెచ్చుకున్నాను. అద్దం ఎడమ మూలలో గోరంత మేర రేకు గరుకుగా తేలింది. రెడ్ ఆక్సైడ్ కొట్టించాను. అద్దం రబ్బరు కింద నిజంగానే నీరు వచ్చేవాళ్లు ఎండిపోకుండా ముద్దలా ఉండే సీలెంట్ వాడండి, రబ్బరు పెదవిని చెక్కపుల్లతో లేపి లోపల నింపండి. పైన పూస్తే అందం పోతుంది, లోపలి నీళ్లు బయటికి పోయే దారి కూడా పోతుంది.

మొన్న జూన్‌లో తొలకరి రాత్రంతా కొట్టింది. మర్నాడు కొల్లూరు దాకా తడి రోడ్డు మీద వెళ్లి వచ్చి కార్పెట్టు ఎత్తాను. ఒకటి పొడి, రెండు పొడి, ఏడు పొడి. నాలుగో నంబరు కాగితం నడిమధ్యలో ఐదు రూపాయల బిళ్లంత మరక ఉంది. మా మేనల్లుడు వెనక గట్టర్ అతుకే అయి ఉంటుందన్నాడు. నోటుపుస్తకంలో తేదీ వేసి, కారు ఎటు వాలి ఉందో రాసి, కాగితం మార్చాను.